బడిలో ఏ బిడ్డా గట్టు మీద కూర్చోకుండా వాతావరణ మార్పు పనులు: ఎలా చేయాలి

మీ బడి వనమహోత్సవం ఫొటో ఒకటి బయటకు తీసి చూడండి. మొక్క చుట్టూ పది పన్నెండు మంది పిల్లలుంటారు. వాళ్లే క్విజ్‌కి వెళ్తారు, వాళ్లే ఉపన్యాసం చెప్తారు, ఎకో క్లబ్ రిజిస్టర్‌లో సంతకాలూ వాళ్లవే. మిగతా వందమందీ వరండాలో కూర్చుని చప్పట్లు కొడతారు. ఆ వందలో ఒకడు ఎప్పుడైనా దగ్గరికొచ్చి "నానేటి సెయ్యాల మేష్టారూ?" అంటే మన దగ్గర జవాబుండదు. ఆ జవాబు ముందే తయారుగా పెట్టుకోవడానికే ఈ కాగితం. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల సర్కారు బళ్లను దృష్టిలో పెట్టుకుని రాశాం. సాగరతీరం, మెట్ట, ఏజెన్సీ మూడింటికీ కొంచెం కొంచెం మార్చుకుంటే సరిపోతుంది.

ముందుగా ఒక మాట. జూన్ 5 ప్రపంచ పర్యావరణ దినం నాడు మన బళ్లకు సెలవు. తెరిచేది జూన్ 12న. అందుకని ఆ రోజును పట్టుకుని వేలాడొద్దు. ఒక్కరోజు పండగలా చేసే కార్యక్రమంలో ఎలాగూ చురుకైన పిల్లలే ముందుంటారు. మిగతావాళ్లకు చోటు దొరికేది ఏడాది పొడవునా సాగే చిన్న పనుల్లోనే.

1. హాజరు పట్టీతో మొదలుపెట్టండి

పని ఏమిటో తేల్చక ముందే పేర్లు రాయండి. ఒక పెద్ద కాగితం మీద మూడు గళ్లు గీయండి: పేరు, ఈ బిడ్డకు ఏది సులువు ఏది కష్టం, ఏ నెలల్లో బడిలో ఉండదు. మూడో గడిని చాలామంది మర్చిపోతారు. పని కోసం తల్లిదండ్రులు వలస వెళ్తే పిల్లలూ వెళ్లిపోతారు. వరికోతలప్పుడు కొందరు రారు. ఉద్దానం వైపు జీడిపిక్కలు ఏరే కాలంలో బెంచీలు ఖాళీ అవుతాయి. మొక్కకు నీళ్లు పోసే బాధ్యతను అలా వెళ్లిపోయే బిడ్డకు అప్పజెప్పి, ఏప్రిల్‌లో మొక్క ఎండిపోయాక వాణ్ణి తిట్టడం అన్యాయం.

రెండో గడి నింపేటప్పుడు ఒకరిద్దరిని అడగాలి. చూపు, వినికిడి, నడక, బుద్ధి ఎదుగుదల ఇబ్బందులున్న పిల్లల గురించి మండలంలోని భవిత కేంద్రం టీచరుకు మనకంటే ఎక్కువ తెలుస్తుంది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. వాటిలో చాలా వరకు పైకి కనిపించవు. రెండో బెంచీలో కూర్చుని బోర్డు కనిపించక నోరెత్తని పిల్లకూ, మూర్ఛ మందు వేసుకునే పిల్లాడికీ ఈ కాగితంలో చోటుండాలి. ఇది గోడకు అంటించే కాగితం కాదు, మీ బీరువాలోనే ఉండాలి.

ఇంకో మూడు రకాల పిల్లల్ని గుర్తుపట్టండి. ఇంట్లో సవర మాట్లాడే మందస, మెళియాపుట్టి కొండ పిల్లలు. ఒడియా మాట్లాడే ఇచ్ఛాపురం వైపు పిల్లలు. సాయంత్రం బెల్లు కొట్టగానే చెల్లెల్ని ఎత్తుకోవడానికో, నీళ్లు మోయడానికో ఇంటికి పరుగెత్తాల్సిన ఆడపిల్లలు. నాలుగున్నరకు ఎకో క్లబ్ మీటింగ్ పెడితే ఆ మూడో రకం పిల్లలు ఏడాదంతా ఒక్కసారీ రాలేరు. మీటింగ్ బడి వేళల్లోనే పెట్టాలి. శనివారం ఒక పీరియడ్ చాలు.

2. ఏం జరుగుతోందో వాళ్ల ఊరి మాటల్లో చెప్పండి

బొగ్గు, డీజిలు, పెట్రోలు మండిస్తే బొగ్గుపులుసు వాయువు గాలిలో చేరుతుంది. అది భూమి చుట్టూ దుప్పటిలా పనిచేసి వేడిని బయటికి పోనివ్వదు. దుప్పటి మందం పెరిగేకొద్దీ నేలా సముద్రమూ వేడెక్కుతాయి. వేడెక్కిన సముద్రం మీద గాలి ఎక్కువ తేమ పట్టుకుంటుంది, కురిసినప్పుడు కుండపోతగా కురుస్తుంది. ఇంతవరకు చెబితే ఆరో తరగతికి సరిపోతుంది. నిజం దుప్పట్లు తెచ్చి ఒక బిడ్డకు ఒకటి, ఇంకో బిడ్డకు మూడు కప్పి రెండు నిమిషాలయ్యాక అడగండి. వినపడని బిడ్డకు, తెలుగు సరిగా రాని బిడ్డకు ఉపన్యాసం కంటే ఇది త్వరగా అందుతుంది.

ఇక్కడ టీచర్లే ఎక్కువగా చేసే పొరపాట్లు రెండు. ఒకటి, ప్లాస్టిక్ ఏరడాన్నీ ఓజోన్ పొరనూ వాతావరణ మార్పునూ ఒకే గంపలో వేయడం. ప్లాస్టిక్ ఏరడం మంచి పనే, కాకపోతే దానివల్ల ఊరు చల్లబడదు. ఓజోన్ పొరది వేరే కథ. రెండోది, వచ్చిన ప్రతి తుఫానుకూ వాతావరణ మార్పే కారణమని చెప్పడం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ. ఈ తీరానికి తుఫానులు కొత్త కాదు. సముద్రం వేడెక్కడం వల్ల వాటి వానా, సముద్రమట్టం పెరగడం వల్ల వాటి ఉప్పెనా మరింత ప్రమాదకరం అవుతాయని చెప్పండి. అంతే చెప్పండి.

ఒక జాగ్రత్త. "మీ ఇంట్లో కరెంటు వృథా చేయకండి" అని ఒకే ఫ్యాను, ఒకే బల్బు ఉన్న ఇంటి బిడ్డతో అంటే ఆ బిడ్డ తలదించుకుంటుంది. ఆ దుప్పటిని మందం చేసింది ఆ ఇల్లు కాదు. "ఇంట్లో ఏమేం ఉన్నాయో రాసుకురండి" అనే లెక్క అసలు పెట్టొద్దు. ఏసీ ఉన్న ఇల్లు, బైకు ఉన్న ఇల్లు అని క్లాసులో బయటపడిపోతుంది. లెక్కలన్నీ బడి కరెంటు మీదే కట్టండి.

మాటల కోసం బొమ్మ కార్డులు చేయించండి: వాన, ఎండ, గాలివాన, చెట్టు, కరెంటు, గెడ్డ (వాగు). ఒక్కో కార్డు మీద తెలుగు మాటతో పాటు సవరలోనో ఒడియాలోనో ఆ మాట ఏమంటారో ఆ పిల్లలే చెప్తారు, తెలుగు లిపిలో రాయండి. ఆ రోజు క్లాసుకు టీచర్లు వాళ్లే.

3. వాన కొలవడం (ఇది అందరూ చేయగల పని, దీని మీద ఎక్కువ సమయం పెట్టండి)

వానమానిని కొనక్కర్లేదు. నాలుగంగుళాల పీవీసీ పైపు 30 సెంటీమీటర్ల ముక్క, ఒక వైపు మూత, మూత అతికించే సొల్యూషన్, మందుల షాపులో సూది లేని కొత్త 10 మి.లీ. సిరంజి. ఇవి చాలు.

మూత అతికించి, నీళ్లు నింపి రాత్రంతా ఉంచండి. తెల్లారేసరికి మట్టం తగ్గితే అతుకు కారుతున్నట్టే. చాలా బళ్లలో వానమానిని పాడయ్యేది ఇక్కడే, ఎవరూ చూసుకోరు.

ఇప్పుడు లెక్క. పైపు లోపలి వ్యాసం కొలవండి, బయటిది కాదు. మామూలుగా 10.4 సెం.మీ. దగ్గర వస్తుంది. సగం చేస్తే 5.2. దాన్ని దానితోనే గుణించి, 3.14తో గుణిస్తే 85 చదరపు సెంటీమీటర్లు. పదితో భాగిస్తే 8.5. అంటే ఈ పైపులో 8.5 మి.లీ. నీళ్లుంటే 1 మిల్లీమీటరు వాన కురిసినట్టు. మీకు 11.3 సెం.మీ. మూతి ఉన్న నిటారు డబ్బా దొరికిందా, అదృష్టం. అక్కడ సరిగ్గా 10 మి.లీ.కి 1 మి.మీ. వాన, సిరంజి నిండా లాగితే చాలు. డబ్బా లోతు మాత్రం 25 సెంటీమీటర్లకు తగ్గకూడదు. తుఫాను రోజున పొంగిపోయిన డబ్బా ఏ లెక్కా చెప్పదు.

సిరంజి లోపలి కడ్డీని 8.5 దగ్గరకు లాగి, సిరంజి అంచు దగ్గర కడ్డీ మీద చాకుతో చిన్న గాటు పెట్టండి. ఈ గాటే అసలు కిటుకు. చూపు లేని బిడ్డ కడ్డీ లాగుతూ గోటికి గాటు తగలగానే ఆపుతుంది. ఒక సిరంజి అంటే ఒక మిల్లీమీటరు. లాగి పక్క గిన్నెలో వదిలిన ప్రతిసారీ ఇంకో బిడ్డ టప్‌మని ఒక గులకరాయి రేకు డబ్బాలో వేస్తుంది. అంకెలు రాని బిడ్డ కూడా తప్పు లేకుండా చేసే పని అది. చివర్లో రాళ్లు లెక్కపెట్టేది ఒకరు, బోర్డు మీద రాసేది ఒకరు, గ్రాఫు కాగితం మీద గడి నింపేది ఒకరు, ప్రార్థనలో చదివి వినిపించేది ఒకరు. ఆరుగురికి ఆరు పనులు. వారానికో జట్టు మారితే నలభై మంది క్లాసులో రెండు నెలల్లోపు అందరి చేతులూ తడుస్తాయి. పెద్ద వాన పడితే వంద సిరంజిలు లాగుతూ కూర్చోలేరు కాబట్టి, 85 మి.లీ. దగ్గర గీత పెట్టిన గ్లాసొకటి ఉంచండి. గ్లాసుకు 10 మి.మీ.

వానమానిని ఎక్కడ పెట్టాలన్నదీ ముఖ్యమే. గోడ పక్కన, చెట్టు కింద వద్దు. దగ్గర్లో ఉన్న గోడ ఎత్తు మూడు మీటర్లయితే కనీసం ఆరు మీటర్ల దూరంలో ఉండాలి. మూతి నేలకు ఒక అడుగు ఎత్తులో, చుట్టూ మూడు రాళ్లు పేర్చి నిటారుగా నిలపండి. దారి చదునుగా ఉండాలి, చక్రాల కుర్చీ అక్కడిదాకా వెళ్లాలి. బురద దారైతే రెండు ప్లాంకులు వేయండి, లేదంటే కొలత తీసే బల్లనే వరండాలో పెట్టి పైపును అక్కడికి తెప్పించండి.

వాతావరణ శాఖ ఉదయం 8:30కి కొలుస్తుంది. మీరు ప్రార్థనకు ముందు, రోజూ ఒకే వేళకు కొలవండి. ఆదివారం వాన సోమవారం కొలతలో కలుస్తుంది, "రెండు రోజులది" అని పక్కనే రాయాలి. రాయకపోతే ఆరు నెలల తర్వాత సోమవారాలన్నీ పెద్ద వానల్లా కనిపిస్తాయి. రోజుకు 64.5 మి.మీ. దాటితే భారీ వర్షం, 115.6 నుంచి అతి భారీ, 204.4 దాటితే అత్యంత భారీ. ఈ మూడు గీతలూ గ్రాఫు మీద ముందే రంగు దారాలతో అంటించండి, వేలితో తడిమినా తెలియాలి.

24 మి.మీ. వాన పడిన రోజున బడి పైకప్పు మీద ఎన్ని నీళ్లు పడ్డాయో లెక్కేయించండి. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వానంటే ఒక లీటరు. 20 మీటర్ల పొడవు, 6 మీటర్ల వెడల్పు ఉన్న కప్పు మీద 2,880 లీటర్లు. కారినవీ ఇంకినవీ అయిదో వంతు తీసేసినా 2,300. ఆ అంకె చూశాక కప్పు నీళ్లను మొక్కల గోతుల్లోకి మళ్లించాలన్న ఆలోచన పిల్లల నోటినుంచే వస్తుంది. మొదటి పది నిమిషాల నీళ్లు దుమ్మువి, వదిలేయాలి. తాగడానికి మాత్రం వాడొద్దు.

4. వేడి పటం

రెండు గది థర్మామీటర్లు చాలు. మధ్యాహ్నం ఒకే వేళకు వేపచెట్టు నీడలో ఒకటి, రేకుల షెడ్డు కింద ఒకటి. ఎండ నేరుగా తగలకూడదు, నేలకు నాలుగు నుంచి ఆరడుగుల ఎత్తులో వేలాడాలి, కింది గుండును చేత్తో పట్టుకోకూడదు. ఎండలో పెడితే మీరు కొలిచేది గాలి వేడిని కాదు, ఆ గాజు గొట్టం వేడిని.

దీనికి తోడు అరచేతి పటం గీయించండి. కళ్లకు గుడ్డ కట్టుకున్న వాళ్లూ, చూపు లేని వాళ్లూ ముందు నడుస్తూ గోడలు, బెంచీలు, ఇనుప గ్రిల్లు తాకుతూ "సుర్రుమంది", "గోరువెచ్చన", "చల్లన" అని చెప్తారు. వెనక వాళ్లు బడి నక్షా మీద ఎరుపు, పసుపు, ఆకుపచ్చ రంగులు వేస్తారు. ఇనుముకు ముందు మీ చెయ్యి తగిలించి చూడండి. మార్చి తర్వాత ఈ ఆట పదకొండు దాటాక వద్దు.

పటం తేలాక బడి చేయగలిగేవి చాలా ఉన్నాయి. ఎరుపు గదిలో చిన్న తరగతి కూర్చుంటే గదులు మార్చడం, నీళ్ల కుండలు నీడలో పెట్టడం, కప్పు మీద తెల్లసున్నం వేయించడం. సున్నం వేసేది కూలివాళ్లు. పిల్లల్ని కప్పు ఎక్కించొద్దు, ఎంత సరదాపడినా సరే.

5. కరెంటు లెక్క

పాత ఫ్యాను దాదాపు 75 వాట్లు. ఎనిమిది ఫ్యాన్లు ఆరు గంటలు తిరిగితే 8 × 75 × 6 = 3,600 వాట్-గంటలు, వెయ్యికి ఒక యూనిట్, అంటే రోజుకు 3.6 యూనిట్లు. కొత్త రకం బీఎల్‌డీసీ ఫ్యాను 30 వాట్ల దగ్గర తింటుంది. మార్చితే రోజుకు 2.16 యూనిట్లు, 220 పని దినాలకు 475 యూనిట్లు మిగులుతాయి. మన దేశంలో కరెంటు ఎక్కువగా బొగ్గు నుంచే వస్తుంది కాబట్టి, యూనిట్‌కు సుమారు 0.7 కిలోల బొగ్గుపులుసు వాయువు లెక్కేసుకోండి. భోజనం గంటలో ఖాళీ గదుల ఫ్యాన్లు ఆపితే మిగిలేది రోజుకు 0.6 యూనిట్.

ఈ రెండు అంకెలూ పక్కపక్కన రాయించండి. పిల్లలు స్విచ్ ఆపి చేయగలిగేది ఎంత, పెద్దలు ఫ్యాను మార్చి చేయగలిగేది ఎంత అన్నది వాళ్లకే అర్థమవుతుంది. తర్వాతి పని అర్జీ రాయడం. లెక్క చేసిన పిల్లలు లెక్క రాస్తారు, చేతిరాత బాగున్నవాళ్లు సాఫు ప్రతి రాస్తారు, రాయలేనివాళ్లు వేలిముద్ర వేసో బొమ్మ గీసో తమ పేరు పెడతారు. పంచాయతీకి ఒక ప్రతి, మండల విద్యాధికారికి ఒకటి. సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకునే రోజుకు ఒక తండ్రో తల్లో వెళ్లినా సరే. రసీదు నంబరు నోటీసు బోర్డు మీద ఉండాలి.

ఎండాకాలంలో పొదుపు పేరుతో ఫ్యాన్లు మాత్రం ఆపించకండి. అలాంటి పొదుపు ఎవరికీ అక్కర్లేదు.

6. భోజనం దగ్గర మిగిలేది, చీపురు ఎవరి చేతిలో ఉంటుంది

మధ్యాహ్న భోజనం తర్వాత మిగిలిన అన్నమంతా ఒకే బకెట్‌లో వేయించి, స్ప్రింగు కాటాకు తగిలించి తూకం రాయండి. బడి మొత్తానికి ఒకే తూకం. ఏ బిడ్డ కంచంలో ఎంత వదిలిందని చూడటం మొదలుపెడితే, ఒంట్లో బాగోని బిడ్డ కూడా భయంతో కుక్కుకుంటుంది. మిగిలిన అన్నం మొదట వెళ్లాల్సింది కుడితి తొట్టిలోకి. పశువులున్న ఇంటివాళ్లు రోజూ తీసుకెళ్తారు, ఇది మన ఊళ్లలో ఎప్పుడూ ఉన్నదే. కూరగాయ తొక్కలు, గుడ్డు పెంకులు, రాలిన ఆకులు ఎరువుకు.

మన వైపు వానాకాలంలో గొయ్యి తవ్వితే చెరువవుతుంది. వెదురు దడితో మూడడుగుల వెడల్పు, మూడడుగుల ఎత్తు గుండ్రటి గూడు కట్టండి. అడుగున పుల్లలు, ఆపైన ఆరంగుళాలు ఎండాకు, రెండంగుళాలు పచ్చి తొక్కలు, గుప్పెడు మట్టి, కాస్త పేడనీళ్లు. ఇలా వరుసలు. పది రోజులకోసారి తిరగేయాలి. పిడికెడు తీసి పిండితే ఒకటి రెండు చుక్కలు రావాలి. ధారగా కారితే ఎండాకు చాలలేదు, కంపు కొడుతుంది. గాలి ఆడక కుళ్లితే మీథేన్ పుడుతుంది, అదీ దుప్పటిని మందం చేసేదే. పొడిగా రాలితే నీళ్లు చల్లండి. కుప్ప మధ్యలో ఇనుప చువ్వ గుచ్చి అయిదు నిమిషాల తర్వాత తీసి, మొదట మీరు తాకి చూసి, పిల్లల్ని తాకమనండి. వెచ్చగా ఉంటే లోపల పని జరుగుతోంది. వాసన, వేడి చూసేది ఎవరన్నదానికి చూపుతో పని లేదు. రెండున్నర మూడు నెలలకు మట్టి వాసన వస్తుంది.

ఎరువు తయారవుతుంటే ఆకులు కాల్చే అలవాటు దానంతటదే ఆగుతుందనుకోకండి. తగలబెట్టేవాళ్లను, అంటే తెల్లారగానే ఊడ్చేవాళ్లను, పిలిచి గూడు చూపించి చెప్పాలి.

చెప్పడానికి ఇబ్బందైనా చెప్పాల్సిన మాటొకటి ఉంది. తొక్కల బకెట్ మోసేది, ఊడ్చేది, కాలువ తీసేది ఏ పిల్లలో ఒక నెల గమనించండి. ఎవరూ పేరు పెట్టి చెప్పకపోయినా ఆ పనులు ఎస్సీ వాడ పిల్లలకో, ఆడపిల్లలకో వెళ్లిపోతుంటాయి, మైకు ఇంకొకరికి వెళ్తుంది. "వాళ్లే ముందుకొస్తున్నారండీ" అంటే నమ్మొద్దు. చక్రం ఒకటి చేయండి: అట్టముక్క మీద గుండ్రంగా పనులు, మధ్యలో తిరిగే ముల్లు మీద జట్లు. సోమవారం ముల్లు ఒక గడి కదులుతుంది. ఎత్తు పని, మురికి పని, మైకు పని అన్నీ ఒకే చక్రంలో ఉండాలి. మేష్టారి జట్టు కూడా అందులో ఉంటే ఎవరూ గొణగరు. తడి పనికి చేతి తొడుగులు, తర్వాత సబ్బు తప్పనిసరి.

7. చెట్లు: ఏవి, ఎలా, ఎవరు

తిత్లీలో ఉద్దానంలో జీడి, కొబ్బరి తోటలు కుప్పకూలాయి. గట్టుల మీద తాటిచెట్లు గాలికి బాగా తట్టుకుంటాయని ఊళ్లో ముసలాళ్లను అడిగినా చెప్తారు. అందుకే చెరువు గట్టుకు, ప్రహరీ వెంట తాటి టెంకలు వేయించండి. ఖర్చు లేదు, మేకలు పెద్దగా ముట్టవు. ఆగస్టు నుంచి పండ్లు రాలతాయి. పీచు తిన్నాక టెంకలు పోగేసి, నేల తడిగా ఉండగా అరచేతి లోతు గోతిలో, పదడుగులకొకటి పాతాలి. సంచుల్లో పెంచి నాటుదామనుకుంటే పోతుంది. తాటి మొలక పైకి రాకముందే లోతుగా కిందికి దిగుతుంది, పెకలిస్తే విరుగుతుంది. మొదటి ఏడాదంతా ఒక్క ఆకు తప్ప పైకి ఏమీ కనిపించదు, "చచ్చిపోయింది" అని తవ్వి చూడొద్దు.

పదడుగులకో ముడి వేసిన తాడు ఒకటి చేయండి. తాడు పట్టుకుని నడిచేవాళ్లకు ముడి చేతికి తగలగానే అక్కడ గొయ్యి. చూపు లేని బిడ్డ ఈ వరుసను కళ్లున్న పిల్లల కంటే సూటిగా నడిపిస్తుంది. చక్రాల కుర్చీలో ఉన్న బిడ్డ టెంకల సంచి ఒళ్లో పెట్టుకుని వరుస వెంట వెళ్లొచ్చు. వంగలేని పిల్లలకు కానుగ, చింత విత్తనాలు వేసే పని ఇచ్చి, రెండంగుళాల పైపు చేతికివ్వండి. నిలబడే విత్తనం గోతిలోకి జారవిడవొచ్చు. తాటి టెంకను అందులో వేయబోకండి, ఇరుక్కుంటుంది.

నీడకు వేప, కానుగ, నేరేడు, పొగడ. ఒకటిన్నర అడుగుల గొయ్యి, గూటి ఎరువు సగం తట్ట. తరగతి గదికి ఆనుకుని పెళుసు కొమ్మల చెట్లు, తురాయిలాంటివి, వద్దు. అక్టోబరు గాలికి అవి రేకుల మీదే పడతాయి. ఆకుకూరలకు చేపల థర్మోకోల్ పెట్టెలు తీరం ఊళ్లలో దొరుకుతాయి. అడుగున నాలుగు చిల్లులు పొడిచి రెండున్నర అడుగుల ఎత్తు బల్ల మీద పెడితే కుర్చీలో ఉన్న బిడ్డ మోకాళ్లు బల్ల కిందికి వెళ్తాయి, చెయ్యి మట్టికి అందుతుంది.

ఒక మొక్కకు ఒక బిడ్డ అనొద్దు. నలుగురికి రెండు మొక్కలు. ఆ నలుగురిలో కనీసం ఒకరు బడికి దగ్గర ఇంటివాళ్లు, ఒకరు వలస వెళ్లని ఇంటివాళ్లు అయ్యుండాలి. మొక్కలు చచ్చేది నాటిన రోజున కాదు, బడి మూసిన మే నెలలో. ప్రతి మొక్క పక్కనా అడుగున చిల్లు పొడిచి వత్తి దూర్చిన పాత కుండ పాతిపెడితే, రెండు మూడు రోజులకోసారి నింపితే చాలు. అక్టోబరు 2న, మార్చి 15న బతికున్నవి లెక్కపెట్టండి. చచ్చినవాటి పక్కన కారణం రాయాలి: మేక, నీళ్లు, చెద, బంతి. ఎవరి మొక్క అన్నది రాయొద్దు.

8. తుఫాను కసరత్తు

సెప్టెంబరులో ఒకసారి, దసరా సెలవుల తర్వాత ఒకసారి. పసుపు, నారింజ, ఎరుపు హెచ్చరికలకు అర్థం బొమ్మల్లో గోడ మీద ఉండాలి. గంట కొడితే వినపడని బిడ్డకు తెలియదు, కాబట్టి గంటతో పాటు ఎర్రగుడ్డ ఊపాలి, లైటు ఆర్పి వెలిగించాలి. ప్రతి బిడ్డకు ఇద్దరు తోడు. ఒక్కరే అయితే ఆ రోజు ఆ ఒక్కరే బడికి రారు. తోడు ఉండే పని కూడా చక్రంలో తిరుగుతుంది. కుర్చీలో కూర్చునే బిడ్డ ఎప్పుడూ సాయం తీసుకునే మనిషిగా ఉండకూడదు. పేర్ల పట్టీ పట్టుకుని తల లెక్కపెట్టే పని ఆ బిడ్డకివ్వండి, కసరత్తు మొత్తంలో అందరూ మాట వినేది ఆ ఒక్కరిదే.

మందు, వినికిడి మిషను బ్యాటరీ, కళ్లజోడు బిగుతు మూత డబ్బాలో. ఫోన్లు 112, జిల్లా కంట్రోల్ రూమ్ 1077, రాష్ట్రానిది 1070, పిల్లల కోసం 1098. నంబర్లు పాటలా కంఠతా పట్టించండి. గాలి ఒక్కసారిగా ఆగిపోతే బయటకు రాకూడదని గట్టిగా చెప్పండి. అది తుఫాను కన్ను కావచ్చు, కాసేపటికి ఎదుటి దిక్కు నుంచి మళ్లీ కొడుతుంది. ఇల్లు పోగొట్టుకున్న కుటుంబాల పిల్లలుంటారు, కాబట్టి కూలిన ఇళ్ల వీడియోలు క్లాసులో వేయకండి. "ఏం చేస్తాం" అన్నదాంతో మొదలుపెట్టి దానితోనే ముగించండి.

9. నిర్ణయం చింతపిక్కలతో

వాన, వేడి, కరెంటు, తూకం లెక్కలు వచ్చాక తర్వాత ఏ పని ముందు చేయాలన్నది పిల్లలే తేల్చాలి. చెయ్యెత్తమంటే లీడరు చెయ్యి చూసి మిగతావాళ్లు ఎత్తుతారు. బదులు నాలుగు మట్టికుండలు తెర వెనక పెట్టండి. ఒక్కోదాని మూతి దగ్గర ఒక వస్తువు కట్టండి: ఆకు, బల్బు, చెంబు, గుప్పెడు ఎరువు మూట. తడిమి తెలుసుకోవచ్చు, చదవడం రానక్కర్లేదు. బిడ్డకు మూడు చింతపిక్కలు. మూడూ ఒకే కుండలో వేయొచ్చు, పంచొచ్చు. లెక్క అందరి ముందూ. ఓడిన కుండలో ఎక్కువ పిక్కలు చిన్న తరగతులవో ఆడపిల్లలవో అనిపిస్తే వచ్చేసారి వాళ్లకు వేరే రంగు పిక్కలిచ్చి చూడండి, ఎవరి మాట ఎప్పుడూ ఓడిపోతోందో తెలుస్తుంది.

వేదిక మీద చెప్పడం కూడా ఒక్కటే దారి కాదు. గొంతు పెగలని బిడ్డ గ్రాఫు పట్టుకుని నిలబడితే చాలు. సవర పిల్లలు వాళ్ల భాషలో చెప్పి ఇంకొకరు తెలుగులో చెప్పొచ్చు. పోటీలు, బహుమతులు తగ్గించండి. థర్మోకోల్ కొని "భూమిని కాపాడండి" మోడల్ చేయించే పోటీ అయితే మొత్తానికే మానేయండి, అది ఎవరింట్లో డబ్బుందో చూపించడానికి తప్ప దేనికీ పనికిరాదు.

10. నెలాఖరు

మొదటి రోజు రాసిన కాగితం బీరువాలోంచి తీయండి. ప్రతి పేరు పక్కన ఆ నెల ఆ బిడ్డ చేసిన పని గీతలు గీయండి. సున్నా ఉన్న పేర్లు మూడో నాలుగో ఎప్పుడూ ఉంటాయి. బిడ్డను "ఎందుకు చేయలేదు" అని అడగొద్దు. పనిలోనే ఎక్కడ అడ్డుపడిందో చూడండి: వేళా, మెట్టా, భాషా, తోటివాళ్ల నోరా. ఆ ఒక్క అడ్డు తీసి వచ్చే సోమవారం చక్రంలో ఆ పేరును మొదటి గడిలో పెట్టండి. ఏప్రిల్‌లో సెలవులిచ్చే ముందు పైపు, సిరంజి, గులకరాళ్ల డబ్బా, ముడుల తాడు ఒకే సంచిలో కట్టి, బడి పక్క ఇంటి బిడ్డకు ఇచ్చి పంపండి. మే నెలలో పడే ఒకటి రెండు గాలివానలను ఎవరో ఒకరు కొలవాలి కదా.